గేటు లేని రైల్వే క్రాసింగ్ దగ్గర ప్రతిసారీ బండి ఆపి, దిగి చూడాలా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకి తెలుస్తుంది. అడిగినాయన ఒక ఫ్యాక్టరీకి కార్మికులను చేరవేసే మినీ బస్సు నడుపుతున్నారు. దారిలో ఫ్యాక్టరీలోకి వెళ్లే గూడ్స్ లైన్ రోడ్డుకు అడ్డంగా ఉంది. గేటు లేదు, గేట్‌మన్ లేడు. "స్లో చేసి, హారన్ కొట్టి, అటూ ఇటూ ఒకసారి చూసి దాటిస్తున్నాను, అది చాలదా? ప్రతిసారీ ఆపి దిగి చూడాలంటే షిఫ్ట్ టైముకి అందుకోలేం. అయినా కాపలా లేని క్రాసింగులన్నీ ఎత్తేశామని రైల్వే వాళ్లే చెప్పారు కదా, మరి ఇదేమిటి?" అని అడుగుతున్నారు.

చాలదండి. ప్రతిసారీ బండి పూర్తిగా ఆగాలి. ఒక మనిషి దిగి, పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండు వైపులా చూడాలి. ఆ మనిషి రమ్మంటేనే మీరు కదలాలి. బస్సులో మీరొక్కరే ఉంటే మీరే దిగాలి. రైలు కనిపించిందా, ఎంత దూరంలో ఉన్నా సరే అది వెళ్లిపోయేదాకా ఆగాలి. "ఈలోపు దాటేయొచ్చు" అన్న లెక్క అక్కడ వేయకూడదు, ఎందుకంటే ఆ లెక్క మనిషి కంటికి అందేది కాదు. ఇదంతా నా సొంత అభిప్రాయం అనుకోవద్దు, చట్టంలో ఉన్నదే, ఆ సంగతి కింద రాస్తాను.

నేను లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను. మొదట యార్డులో షంటింగ్ (వ్యాగన్లను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే పని), తర్వాత గూడ్స్, చివర్లో ప్యాసింజర్ బండ్లు. ఇప్పుడు పిలిచినచోట స్కూలు బస్సు డ్రైవర్లకు, లారీ డ్రైవర్లకు ఈ విషయం మీదే క్లాసులు చెప్తుంటాను. మీరు రోడ్డు మీంచి చూసే క్రాసింగును నేను ఇంజిన్ క్యాబ్‌లోంచి చూశాను కాబట్టి అటువైపు నుంచే మొదలుపెడతాను.

మెయిన్ లైన్ మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. క్రాసింగుకు 600 మీటర్ల ముందు లైను పక్కన "డబ్ల్యు/ఎల్" (క్రాసింగు ఉంది, కూత వేయి అని) పసుపు బోర్డు ఒకటి ఉంటుంది, అక్కడి నుంచి మేం కూత మొదలుపెడతాం. ఆ వేగంలో బోర్డు దగ్గర్నుంచి క్రాసింగు దాకా 21, 22 సెకన్లు పడుతుంది, అంతే. అదే వేగంలో ఎమర్జెన్సీ బ్రేక్ వేస్తే బండి నిలబడటానికి లోడును బట్టి, లైను వాలును బట్టి కిలోమీటరు అటూ ఇటూ పడుతుంది. మీ బండి పట్టాల మీద ఉందని మాకు కనిపించే సమయానికి చాలాసార్లు ఆపగలిగే దూరం దాటిపోయి ఉంటుంది. మాకు స్టీరింగ్ లేదు, పక్కకి తప్పించడం అనే మాటే లేదు. కూత వేయడం, బ్రేక్ వేయడం, ఆ తర్వాత చూస్తూ నిలబడటం. బయటివాళ్లు చాలామంది "డ్రైవర్ బ్రేక్ వేయలేదు" అంటారు. వేస్తాం. వేసినా బండి ఆగదు.

కంటి సంగతి ఇంకా ముఖ్యం. రైలు అడ్డంగా పోతుంటే దాని వేగం ఎవరికైనా తెలుస్తుంది. మీరు పట్టాల దగ్గర నిలబడి చూసేటప్పుడు అది దాదాపు మీకు ఎదురుగా వస్తుంటుంది, అప్పుడు అది ముందుకొస్తున్నట్టు కాకుండా ఒకేచోట నిలబడి మెల్లగా పెద్దదవుతున్నట్టు కనిపిస్తుంది. చివరి కొన్ని సెకన్లలోనే ఒక్కసారిగా మీద పడినట్టు పెరుగుతుంది. దీనికి తోడు వస్తువు ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా కదులుతున్నట్టు మన కన్ను భ్రమపడుతుంది. రాత్రయితే ఒక్క లైటే కనిపిస్తుంది, దూరం అసలు తెలియదు. అందుకే "ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో వస్తోంది" అని ఆలోచించడం మొదలుపెట్టినప్పుడే ప్రమాదం మొదలైనట్టు. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: కనిపిస్తోందా, లేదా? కనిపిస్తే ఆగడం. కనిపించకపోతే, కనిపించాల్సినంత దూరం కనిపిస్తోందో లేదో చూసుకుని దాటడం.

ఒక కేసు చెప్తాను. గూడ్స్ నడిపే రోజుల్లో, ధాన్యం బస్తాల ట్రాక్టరు ఒకటి గేటు లేని క్రాసింగు దగ్గర ఆగింది. ఆగడం నేను చూశాను, హమ్మయ్య అనుకున్నాను. కూత వేస్తూనే ఉన్నాను. ఆగినవాడు ఒక నిమిషం ఓపిక పట్టకుండా ఉన్నట్టుండి కదిలాడు. ట్రాక్టరు దాటింది, వెనక ట్రాలీ చక్రం పట్టా అంచున మొరాయించింది, ఇంజిన్ ఆఫ్ అయిపోయింది. ఆ కుర్రాడు దూకేశాడు కాబట్టి బతికాడు. ట్రాలీ నుజ్జయింది, బస్తాలు లైను పొడుగునా చిమ్మాయి, మా బండి చాలా దూరం పోయి ఆగింది. నేను దిగి వెనక్కి నడిచి వెళ్తే ఆ పిల్లాడు వణుకుతూ ఒకటే మాట అన్నాడు: "దూరంగా ఉందనుకున్నా సార్." వాడు అబద్ధం చెప్పలేదు, వాడి కంటికి నిజంగానే దూరంగా కనిపించింది. ఆగినవాడే మళ్లీ అంచనా వేసి కదిలాడు చూడండి, అందుకే ఆగడం ఒక్కటే సరిపోదు, రైలు కనిపించాక అంచనా మానేయాలి అని ఇంతగా చెప్తున్నాను.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 131 అచ్చంగా దీని గురించే. కాపలా లేని రైల్వే క్రాసింగు దగ్గరికి వచ్చిన ప్రతి మోటారు వాహనం డ్రైవరూ బండి ఆపాలి. కండక్టరో, క్లీనరో, బండిలో ఉన్న ఇంకెవరో క్రాసింగు దాకా నడిచి వెళ్లి రెండు వైపుల నుంచీ రైలు గానీ ట్రాలీ (పట్టాల మీద నడిచే రైల్వే వాళ్ల చిన్న బండి) గానీ రావడం లేదని చూసుకుని బండిని దాటించాలి. అలాంటి మనిషి లేకపోతే డ్రైవరే దిగి చూసుకోవాలి. "స్లో చేయాలి" అని లేదు, "ఆపాలి" అని ఉంది. హారన్ మాట అసలు లేదు. మీ హారన్ ఇంజిన్ క్యాబ్‌లో ఉన్న మాకు వినపడదు, వినపడినా మేం చేయగలిగేది లేదు.

రైల్వే చట్టం 1989లో సెక్షన్ 161 కూడా ఉంది. కాపలా లేని క్రాసింగును నిర్లక్ష్యంగా దాటితే ఏడాది దాకా జైలు. నిర్లక్ష్యం అంటే ఏమిటో అందులోనే రాశారు: రైలు వస్తోందేమో చూడటానికి బండి ఆపకుండా దాటినా, రైలు కనిపిస్తున్నా దాటినా అది నిర్లక్ష్యమే. అంటే మీరిప్పుడు రోజూ చేస్తున్నది, ఏ ప్రమాదం జరగకపోయినా సరే, ఆ నిర్వచనంలోకి వస్తుంది. భయపెట్టాలని కాదు, ప్రమాదం జరిగితే పోలీసులు, కోర్టు, ఇన్సూరెన్స్ కంపెనీ అందరూ మొదట అడిగేది "బండి ఆపాడా" అని. ఆ మాట మీకు ముందే తెలిసి ఉండాలి.

ఎత్తేశామన్నారు కదా అన్నారు. నిజమే. బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) లైన్ల మీద కాపలా లేని క్రాసింగులన్నిటినీ 2019 జనవరి 31 నాటికి తీసేశారు. కొన్నిచోట్ల గేట్‌మన్‌ను పెట్టారు, కొన్నిచోట్ల కింద సబ్‌వే కట్టారు, బండ్లు తక్కువ తిరిగేవి మూసేసి దగ్గర్లోని గేటుకు రోడ్డు కలిపారు. మన దగ్గర దాని వెనక ఎంత దుఃఖం ఉందో మరిచిపోలేం. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర పొద్దున్నే పిల్లలతో వెళ్తున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది, పదిమందికి పైగా పిల్లలు పోయారు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్ కుశీనగర్ జిల్లాలో మళ్లీ స్కూలు వ్యానే, 13 మంది పిల్లలు. అక్కడ బండ్లను హెచ్చరించడానికి రైల్వే పెట్టిన మనిషి, గేట్ మిత్ర, ఆపమని కేకలు వేసినా డ్రైవర్ చెవిలో ఇయర్‌ఫోన్ ఉండటంతో వినిపించుకోలేదని అప్పుడు వార్తల్లో వచ్చింది. ఆ తర్వాతే పని జోరందుకుంది.

కానీ ఆ లెక్కలో రానివి ఉన్నాయి. మీటర్ గేజ్, న్యారో గేజ్ లైన్ల మీదివి. ఫ్యాక్టరీలు, గనులు, పోర్టులు, విద్యుత్ కేంద్రాల సొంత సైడింగుల (మెయిన్ లైన్ నుంచి లోపలికి చీలే లైన్ల) మీదివి, మీది ఇదే. ఇవి కాక ఊళ్ల పక్కన జనం తమంతట తాము చేసుకున్న అడ్డదారులు, వీటికి అసలు క్రాసింగు అన్న పేరే లేదు, బోర్డు ఉండదు, మేం కూత వేయాల్సిన చోటని మాకూ తెలియదు. ఆ దారుల్లో బైకు ఎత్తి పట్టాలు దాటించేవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు గుండె ఆగినంత పనవుతుంది.

గేటు ఉన్నచోట కూడా ఒక మాట. 2025 జూలై 8న తమిళనాడులో కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో స్కూలు వ్యాన్‌ను ప్యాసింజర్ రైలు గుద్దింది, ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అక్కడ గేటు ఉంది, గేట్‌మన్ ఉన్నాడు, ఇంటర్‌లాకింగ్ లేదు. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటయితే అది మూసి లాక్ పడితే తప్ప రైలుకు సిగ్నల్ రాదు. లేనిచోట స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తే గేట్‌మన్ మూయాలి, మొత్తం ఆ ఒక్క మనిషి మీదే ఉంటుంది. ఆ ప్రమాదం తర్వాత ఇంటర్‌లాకింగ్ పెట్టడానికి ఉన్న రద్దీ పరిమితిని 20,000 టీవీయూ నుంచి 10,000కు తగ్గించారు, గేట్ల దగ్గర సీసీ కెమెరాలు పెట్టమన్నారు. టీవీయూ అంటే అక్కడ రోజుకు తిరిగే రైళ్లను, రోడ్డు బండ్లను గుణిస్తే వచ్చే అంకె. నేను చెప్పేదేమిటంటే గేటు తెరిచి ఉంది కాబట్టి రైలు రాదు అనుకోవద్దు, తెరిచిన గేటు దగ్గర కూడా స్లో చేసి రెండు వైపులా చూసి పోవడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మీ సైడింగు సంగతి. ఇదే మీరు జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే మెయిన్ లైన్ గురించి తెలిసినవాళ్లు కూడా సైడింగు దగ్గర పొరపడతారు. వేగం తక్కువే, చాలాచోట్ల గంటకు 15 కిలోమీటర్ల లోపే. కానీ అక్కడ చాలాసార్లు ఇంజిన్ వెనక ఉండి వ్యాగన్లను ముందుకు నెడుతుంది. అంటే మీ వైపు వచ్చే మొదటి వ్యాగన్‌కు హెడ్‌లైట్ ఉండదు, హారన్ ఉండదు, లోపల మనిషి ఉండడు. బొగ్గు ర్యాకు (ఒకదానికొకటి తగిలించిన వ్యాగన్ల వరస) అయితే 60 దాకా వ్యాగన్లు, పొడవు 600 మీటర్ల పైమాటే, నిండు వ్యాగన్ ఒక్కోటి 80 టన్నుల పైన. ఇంజిన్ అంత వెనక ఉంటే దాని శబ్దం కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. ముందు వైపు పాయింట్స్‌మన్ (షంటింగ్‌లో దారి చూపే రైల్వే మనిషి) ఉండి వాకీటాకీలోనో జెండాతోనో చెప్తుంటాడు, మేం అతని మాట మీదే నడుపుతాం, ముందు ఏముందో మాకు కనపడదు.

షంటింగ్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఇలాగే ఖాళీ వ్యాగన్లను లోపలికి నెడుతున్నాం. ఒక జీపు సరిగ్గా పట్టాల దగ్గరికి వచ్చింది. పాయింట్స్‌మన్ చురుకైనవాడు, వెంటనే "ఆపు ఆపు" అని సెట్‌లో అరిచాడు, నేను బ్రేక్ వేశాను, కొద్ది మీటర్ల తేడాతో ఆగింది. జీపు డ్రైవర్‌ను అడిగితే అతను ఆగాడు, విన్నాడు, ఇంజిన్ చప్పుడు దూరంగా వినిపించింది, బండి అటు పోతోందనుకున్నాడు. దగ్గరలో ఉన్న వ్యాగన్లు నిలబెట్టిన ర్యాకు అనుకున్నాడు. అవి మెల్లగా చప్పుడు లేకుండా అతని మీదికి వస్తున్నాయి. అందుకే చెప్తున్నాను, సైడింగులో ఇంజిన్ కోసం వెతకొద్దు, పట్టాల మీద ఏదైనా ఉందా అని చూడండి. ఉంటే అది కదులుతోందా లేదా అని చక్రాల వైపు చూడండి, పెట్టెల వైపు కాదు. నిలబడి ఉన్నా సరే, అది క్రాసింగుకు దగ్గరగా ఉంటే మనిషి దిగి అక్కడ ఉన్న పాయింట్స్‌మన్‌నో యార్డు వాళ్లనో అడిగి రావాలి. నిలబడ్డ ర్యాకు చెప్పకుండానే కదులుతుంది.

ఇంకోటి, సైడింగుకు టైం టేబుల్ ఉండదు. వారం పాటు ఒక్క బండీ రాకపోవచ్చు, తర్వాత ఒకే రోజు మూడు రావచ్చు. "ఈ టైములో రాదులే" అన్నది నెలల తరబడి నిజమై మనల్ని నమ్మిస్తుంది, అదే దాని ప్రమాదం. మెయిన్ లైన్ మీద కూడా టైం టేబుల్‌లో లేని బండ్లు బోలెడు: గూడ్స్, లైట్ ఇంజిన్ (పెట్టెలు లేకుండా ఒంటరిగా వెళ్లే ఇంజిన్), కరెంటు తీగలు బాగుచేసే టవర్ వ్యాగన్, ట్రాక్ మిషన్లు, ఇంజినీర్లు తిరిగే ట్రాలీలు. చట్టంలో ట్రాలీ మాట ఊరికే పెట్టలేదు.

దాటించే పద్ధతి ఇదీ, నేను క్లాసుల్లో చెప్పేది. రోడ్డు పక్కన ఎర్ర అంచు త్రికోణంలో రైలింజిన్ బొమ్మ ఉంటే ముందున్నది కాపలా లేని క్రాసింగు, గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్నది. బోర్డు కనిపించగానే స్పీడ్ తగ్గించి, పాటలు ఆపి, కిటికీ అద్దం దించండి. ఏసీ బండ్లలో అద్దాలు ఎక్కించి ఉంటే కూత కూడా సరిగా వినపడదు, వానలో వైపర్ చప్పుడు ఒకటి. బస్సులో కార్మికుల మాటలు, నవ్వులు ఉంటాయి, ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండమని చెప్పండి, రోజూ చెప్తే వాళ్లే అలవాటు పడతారు. మొదటి పట్టాకు కనీసం 5 మీటర్ల ముందు ఆపండి. రైలు వెడల్పు పట్టాల వెడల్పు అంత అనుకుంటారు చాలామంది, పెట్టె పట్టా కంటే ఒక్కో వైపు దాదాపు రెండున్నర అడుగులు బయటికి ఉంటుంది.

మనిషి దిగి పట్టాల దగ్గరికి వెళ్లి కుడి, ఎడమ చూసి, పట్టాలు దాటి అవతలి వైపు నిలబడి మళ్లీ రెండు వైపులా చూడాలి. ఇది ఎందుకంటే ఇవతలి నుంచి పొదలు అడ్డం వచ్చి కనపడనిది అవతలి నుంచి కనిపిస్తుంది, పైగా డ్రైవర్‌కు అతను ఎదురుగా ఉంటాడు. మలుపు ఉంటే మలుపు అవతల కనిపించే దాకా నడవాలి. సైగ ముందే మాట్లాడుకోండి. ఒక స్కూలు బస్సు క్లీనర్ చేయి ఊపితే డ్రైవర్ "రమ్మంటున్నాడు" అనుకున్నాడు, అతను ఊపింది ఆగమని. అదృష్టం కొద్దీ ఆ బస్సుకు ఏం కాలేదు. వెనక నిలబడి "రైట్ రైట్" అని అరవడం, బాడీ మీద చరచడం ఇక్కడ పనికిరాదు, వాటికి అలవాటు పడ్డ చెవికి "హోల్డాన్" కూడా "రైట్" లాగే వినపడొచ్చు. ఎదురుగా నిలబడి ఒక చెయ్యి తన వైపు లాగుతూ రమ్మనడం ఒక్కటే రమ్మనే సైగ, మిగతా ఏ కదలికైనా ఆగమనే అర్థం అని ఇద్దరూ ఒప్పుకోవాలి. క్లీనర్ కనపడకపోతే కూడా ఆగడమే.

మీరొక్కరే ఉన్నప్పుడు దిగి చూసి, మళ్లీ ఎక్కి కూర్చుని, బండి కదిలే లోపు కొంత టైం పోతుంది, ఆ టైములో రైలు రావచ్చు కదా అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. అందుకే ఇంజిన్ ఆపకుండా న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి దిగండి, ఎక్కాక సీట్లోంచి ఇంకోసారి రెండు వైపులా చూసి కదలండి. ఒంటరిగా నడిపే బండిని పట్టాలు చాలా దూరం కనిపించే చోట తప్ప దాటించకపోవడమే మేలు.

కదిలాక ఫస్ట్ గేర్‌లోనే మొత్తం దాటాలి, పట్టాల మీద గేర్ మార్చొద్దు, క్లచ్ తొక్కొద్దు, ఆగొద్దు. అవతల మీ బండి మొత్తం పట్టేంత ఖాళీ ఉందా అని కదలకముందే చూడాలి. ముందు లారీ వెనకే తోక పట్టుకుని పోతే అది ఆగినప్పుడు మీరు పట్టాల మీద ఉంటారు. డబుల్ లైన్ అయితే ఒక రైలు పోగానే కదలొద్దు, దాని చివరి పెట్టె వెనకాల రెండో లైను మీద ఇంకోటి వస్తూ ఉండొచ్చు. మొదటి రైలు చప్పుడు దీని చప్పుడును మింగేస్తుంది.

ఎంత దూరం కనిపించాలో లెక్క ఇది. మీ మినీ బస్సు 8 మీటర్లు అనుకుందాం. ఆగిన చోటి నుంచి వెనక భాగం కూడా పూర్తిగా అవతలికి వెళ్లడానికి దాదాపు 18 మీటర్లు కదలాలి. నిలబడ్డ బండి ఫస్ట్ గేర్‌లో అది దాటడానికి 12 సెకన్ల దాకా పడుతుంది. 100 కిలోమీటర్ల రైలు ఆ 12 సెకన్లలో 330 మీటర్ల పైన వచ్చేస్తుంది. క్షేమంగా ఉండాలంటే దానికి రెట్టింపు కనిపించాలి. సైడింగులో 15 కిలోమీటర్ల వేగానికి 50 మీటర్లు వస్తుంది, మీరు 150 మీటర్లయినా చూడగలగాలి. డబుల్ ట్రాలీ ట్రాక్టరు అయితే 20 సెకన్ల పని, ఆలోపు మెయిన్ లైన్ రైలు 550 మీటర్లు వచ్చేస్తుంది. అంత దూరం సీట్లోంచి కనపడకపోతే "అటూ ఇటూ చూశాను" అన్న మాటకు అర్థమే లేదు.

షిఫ్ట్ టైము విషయం. పద్ధతి ప్రకారం ఆపి, చూసి, దాటడానికి నేను చూసినంతలో రెండు నిమిషాలు దాటదు. వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు. ఐదు నిమిషాలు ముందు బయలుదేరితే సరిపోతుంది. దానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, ఇవ్వరు. మీతో ఒక క్లీనర్‌ను వేయమని కూడా అడగండి, అది మీ హక్కు అనుకోండి. మాసాయిపేట తర్వాత ఎంతమంది స్కూలు బస్సు డ్రైవర్లతో మాట్లాడానో, అందరూ ఆలస్యమైతే తిట్లు పడతాయనే చెప్పారు. ఆ తిట్టేవాళ్లకు కూడా ఈ లెక్కలు తెలియాలి.

పట్టాల మీద బండి ఆగిపోతే ఏం చేయాలో ముందే బుర్రలో ఉండాలి, అప్పుడు ఆలోచించడానికి టైం ఉండదు. మొదట మనుషులు, తర్వాతే బండి. రైలు కనిపించినా కనిపించకపోయినా అందరినీ దింపేయండి. రైలు వస్తోందంటే పట్టాలకు దూరంగా, అది వచ్చే వైపుకే ఏటవాలుగా పరిగెత్తాలి. వినడానికి వింతగా ఉంటుంది, కానీ గుద్దినప్పుడు బండి ముక్కలు రైలు పోయే వైపు ఎగిరిపడతాయి, అటు పరిగెత్తితే అవి మీ మీద పడతాయి. రైలు కనపడకపోతే మాత్రమే బండి తీసే ప్రయత్నం: నెట్టడం, లేదా పాత డీజిల్ బండ్లలో ఫస్ట్ గేర్‌లో ఉంచి క్లచ్ వదిలి స్టార్టర్ తిప్పితే బ్యాటరీ బలంతోనే కుదుపులు కుదుపులుగా ముందుకు వస్తుంది. అదే సమయంలో ఒకరు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయాలి, రెండు వైపులా ఒక్కో మనిషి పట్టాల పక్కనుంచి వీలైనంత దూరం పరిగెత్తాలి. పగలు ఎర్ర గుడ్డ ఊపాలి, లేకపోతే రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడాలి, మాకు అది ఆపమనే సిగ్నల్. రాత్రి ఎర్ర లైటు, లేకపోతే సెల్‌ఫోన్ టార్చయినా సరే ఒంటికి అడ్డంగా అటూ ఇటూ గట్టిగా ఊపాలి. మాకు నేర్పిన రూల్స్‌లో ఇవి ఉన్నాయి, చూస్తే ఏ లోకో పైలటయినా బ్రేక్ వేస్తాడు.

ఫోన్‌లో "ఫ్యాక్టరీ దగ్గర" అంటే ఎవరికీ అర్థం కాదు. క్రాసింగుకు ఎల్‌సీ నంబరు (లెవెల్ క్రాసింగు నంబరు) ఉంటే అది చెప్పాలి. కరెంటు లైనయితే పక్కనున్న స్తంభం మీద అంకెలుంటాయి, పైన కిలోమీటరు, కింద స్తంభం నంబరు, అది చెప్తే కంట్రోల్ ఆఫీసులో రైళ్లను నడిపించేవాళ్లకు చోటు ఇట్టే తెలుస్తుంది. మీది సైడింగు కాబట్టి 139 కంటే ముందు ఫ్యాక్టరీ యార్డు ఆఫీసు నంబరు, దగ్గరి స్టేషన్ మాస్టర్ నంబరు ఈ రోజే తీసుకుని బస్సులో అద్దం పక్కన రాసి పెట్టుకోండి.

కరెంటు లైన్ల గురించి ఒక్క మాట, మినీ బస్సుకు పెద్దగా సంబంధం లేకపోయినా ట్రాక్టర్ల వాళ్లు ఇది చదువుతారని రాస్తున్నాను. పైన తీగలో 25,000 వోల్టులు ఉంటుంది. తీగను తాకనక్కరలేదు, దగ్గరికి వెళ్తేనే లాగేస్తుంది. క్రాసింగుకు రెండు వైపులా రోడ్డుకు అడ్డంగా కట్టిన హైట్ గేజ్ (ఎత్తు హద్దు చూపే కమాను) ఎత్తు 4.67 మీటర్లు. గడ్డి మోపుల మీద, లోడు మీద మనిషిని కూర్చోబెట్టి దాటించడం ఆత్మహత్యతో సమానం, అందరినీ దింపి దాటించండి. గెడలు, ఇనుప పైపులు నిలువుగా పట్టుకోవద్దు.

బైకుల వాళ్లు పట్టాలను నిటారుగా దాటాలి, ఏటవాలుగా పోతే వానలో చక్రం పట్టా పక్క సందులో పడి జారుతుంది. హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్ సంగతి మళ్లీ చెప్పక్కరలేదు. పశువుల్ని తోలుకెళ్లేవాళ్లు అన్నిటినీ ఒకేసారి దాటించాలి, రెండు అవతల, నాలుగు ఇవతల ఉంటే అవి ఒకదాని కోసం ఒకటి వెనక్కి తిరుగుతాయి.

మేనేజ్‌మెంట్‌ను అడగాల్సినవి: క్రాసింగుకు రెండు వైపులా స్పీడ్ బ్రేకర్లు, స్టాప్ బోర్డు, ర్యాకు వచ్చినప్పుడు జెండాతో ఒక మనిషి, పట్టాల పక్క తుమ్మ పొదలు కొట్టించడం, రాత్రి షిఫ్టుకు ఒక లైటు. వీటిలో పొదలు కొట్టించడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది, వర్షాకాలం తర్వాత మళ్లీ పెరుగుతాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు. ర్యాకు వచ్చే ముందు యార్డు నుంచి బస్సు డ్రైవర్లకు ఒక మెసేజ్ వచ్చే ఏర్పాటు కూడా అడగండి, అయితే మెసేజ్ రాలేదు కాబట్టి రైలు లేదు అని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు, ఆపి చూడటం ఆపకూడదు.

మీ క్రాసింగు దగ్గర లైను తిన్నగా ఉందా మలుపులో ఉందా, ఆగిన చోటి నుంచి ఒక్కో వైపు ఎన్ని అడుగుల దూరం కనిపిస్తోంది, ర్యాకును ఇంజిన్ లాగుతూ తెస్తుందా నెడుతూ తెస్తుందా, ఇవి చూసి కింద రాయండి. ఏ వైపు మనిషిని ఎక్కడ నిలబెట్టాలో అప్పుడు సరిగ్గా చెప్తాను.